గాబ్రియేల్ మ్యూంటర్: విలువ నెరిగిన చిత్రకారిణి

లోకమున గొప్ప వస్తువులను సృజించువారు కొందరు. ఇతరులు పనికిరాదని త్రోసివేసిన దానిలో విలువను కనుగొని, దానిని కాపాడి, రాబోవు తరములకు అందించువారు మరికొందరు. ఈ రెండు గుణములును ఒక్క వ్యక్తియందు చేరియుండుట అరుదు. జర్మనీ దేశపు చిత్రకారిణి గాబ్రియేల్ మ్యూంటర్ అట్టి అరుదైన వ్యక్తి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున యూరపు చిత్రకళను క్రొత్త త్రోవ పట్టించిన కళాకారులలో ఈమె మొదటినుండియు ఉన్నది. అయినను చిరకాలము ఈమె పేరు మరియొక చిత్రకారుని పేరు వెంట మాత్రమే వినబడుచు వచ్చెను. మన పాఠశాలలోని బాలబాలికల తలిదండ్రులు ఈమె చరిత్రను తెలిసికొనుట మేలని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాను. ఏల మేలో చదివిన కొలది తేటపడగలదు.

క్రొత్త త్రోవ యనగా నేమి?

ముందుగా ఆనాటి చిత్రకళను గూర్చి కొంచెము చెప్పవలసి యున్నది. యూరపులో అంతకు పూర్వము చిత్రకారుని నేర్పును కొలుచు ప్రధానమైన కొలబద్ద, చూచినదానిని చూచినట్లు దించుట. పందొమ్మిదవ శతాబ్దిలో ఫోటోగ్రఫీ వ్యాపించెను. ఉన్నది ఉన్నట్లు చూపుటకు యంత్రము రాగా, చిత్రకారుడు చేయవలసిన పని యేమి అను ప్రశ్న పుట్టెను. కన్ను చూచినదానిని కాదు, చూచినపుడు మనస్సు పొందిన దానిని రంగులతోను రేఖలతోను చెప్పవలెనని కొందరు కళాకారులు తలచిరి. కొండ నీలముగను, బాట గులాబి వన్నెగను మనస్సునకు తోచినచో అట్లే చిత్రించిరి. ఇట్టివారిని ఫ్రెంచి భాషలో ‘అవాంగార్డ్’ అందురు. సైన్యమునకు ముందు నడచు దళమని ఆ మాటకు అర్థము. ముందు నడచువారికే మొదటి దెబ్బలు తగులును. ఆ దళములో స్త్రీ యున్నచో ఆమెకు తగులు దెబ్బలు రెండింతలు.

బాల్యము, తొలి ప్రయాణము

మ్యూంటర్ 1877 ఫిబ్రవరి 19వ తేదీన బెర్లిను నగరమున జన్మించెను. తండ్రి దంతవైద్యుడు. అతడు యౌవనమున అమెరికాకు వలసపోయి, అచట కొన్ని సంవత్సరములుండి, తిరిగి స్వదేశమునకు వచ్చినవాడు. కుటుంబము తరువాత హెర్‌ఫోర్డ్, కోబ్లెంజ్ పట్టణములలో నివసించెను. 1886లో తండ్రియు, 1897లో తల్లియు గతించిరి. తలిదండ్రులు వదలిన ఆస్తి మితముగా నున్నను, ఒకరి చేతిక్రింద బ్రతుకనక్కరలేకుండ ఆమెను నిలిపెను. చిన్ననాటినుండియు ఎదుటివారి ముఖములను నాలుగైదు రేఖలలో పట్టుకొనుట ఆమె కలవాటు.

1898లో ఆమె అక్కతో కలసి అమెరికాలోని బంధువులను చూడబోయి, మిస్సోరి, ఆర్కన్సా, టెక్సాసు రాష్ట్రములలో రెండేండ్లు తిరిగెను. అచట ఆమె చేతికి ఒక చిన్న కోడక్ కెమెరా వచ్చెను. దానితో సుమారు 400 ఛాయాచిత్రములు తీసెను. పొలములలో పనిచేయువారు, వీధులలోని పిల్లలు, ఆదివారపు దుస్తులు ధరించిన స్త్రీలు, అన్నియు నందు గలవు. చతురస్రమైన ఆ చిన్న కిటికీలో దేనిని ఉంచవలెను, దేనిని వదలవలెను అను వివేకము ఆమెకు అచటనే అబ్బెను. చిత్రకళకు ఇంతకంటె మంచి పునాది యుండబోదు.

మూసిన తలుపు

1901లో మ్యూంటర్ చిత్రకళ నభ్యసించుటకు మ్యూనిక్ నగరము చేరెను. ఆ నగరపు రాజకీయ కళా అకాడమీ యూరపులోని ప్రసిద్ధ విద్యాలయములలో నొకటి. కాని ఆనాడు అందు స్త్రీలకు ప్రవేశము లేదు. 1920 వరకును ఆ తలుపు తెరువబడలేదు. స్త్రీలు తమ సంఘము నడుపుకొను ప్రత్యేక పాఠశాలలో చేరవలెను, లేక ఇంటివద్ద ఉపాధ్యాయుని కుదుర్చుకొనవలెను. రెండింటికిని వ్యయ మధికము. పిత్రార్జితము కొంత యుండుటచేత ఆమె నిలువగలిగెను. అది లేని యువతు లెందరు ఆ గడపనుండియే వెనుదిరిగిరో లెక్క చెప్పువారు లేరు.

మరుసటి సంవత్సరము ఆమె ‘ఫాలాంక్స్’ అను చిన్న పాఠశాలలో చేరెను. అందు స్త్రీ పురుష భేదము లేదు. అచటి ఉపాధ్యాయులలో ఒకడు వాసిలీ కాండిన్‌స్కీ. అతడు రష్యా దేశీయుడు. న్యాయశాస్త్రమున ఉద్యోగము లభించు తరుణమున దానిని విడిచి, ముప్పదవ యేట చిత్రకళ నేర్చుటకు మ్యూనిక్ వచ్చినవాడు. స్త్రీల చిత్రలేఖనమును కాలక్షేపముగా నెంచు ఆ రోజులలో అతడు ఆమె పనిని శ్రద్ధతో చూచి, శ్రద్ధతో విమర్శించెను. ఆమెకు సహజముగా వచ్చినదానిని చెడగొట్టకుండుటయే తన పని యని అతడు గ్రహించెను. ఇది ఉపాధ్యాయులమైన మేము గుర్తుంచుకొనదగిన మాట.

గురుశిష్యుల పరిచయము క్రమముగా అనురాగమాయెను. కాండిన్‌స్కీ అప్పటికే వివాహితుడు. మొదటి వివాహము రద్దయిన పిమ్మట మ్యూంటరును పెండ్లాడుదునని మాట యిచ్చెను. 1904 మొదలుకొని 1908 వరకు ఇరువురును హాలండు, ట్యునీసు, ఇటలీ, పారిసు తిరిగిరి. పారిసులో ఆమె కొయ్యపైనను లినోలియముపైనను చెక్కి రంగుల అచ్చులు తీయుట సాధన చేసెను. చెక్కడమున వ్యర్థరేఖకు తావు లేదు. ఆ నియమము ఆమె కుంచెకును అలవడెను.

ముర్నౌ గ్రామము

1908లో ఆల్ప్సు కొండల పాదమున నున్న ముర్నౌ అను చిన్న ఊరికి వారు వేసవి గడుపుటకు వచ్చిరి. వెంట అలెక్సీ యావ్లెన్‌స్కీ, మారియాన్నె వెరెఫ్కిన్ అను రష్యన్ చిత్రకారు లిరువురు ఉండిరి. నలుగురును బయట కూర్చుండి ప్రక్క ప్రక్కనే చిత్రములు వ్రాయుచు వచ్చిరి. ఈ కొలది వారములలో మ్యూంటర్ చిత్రములు సమూలముగా మారినవి. అంతవరకు ప్రకృతిని చూచి చిన్న చిన్న రంగు ముద్దలతో అనుకరించుచుండెడిది. ఇప్పుడు నల్లని దృఢమైన గీతతో ఇల్లు, కొండ, చెట్టు హద్దు కట్టి, లోపల ఒకే రంగును నిండుగ పూయసాగెను. చిన్న అట్టలపై ఒక్క దినమున పలు చిత్రములు ముగించిన రోజులు నుండెను. ప్రకృతిని నకలు తీయుట మాని, దాని సారమును పట్టుట తాను ఆ దినములలో నేర్చితినని ఆమె తన దినచర్యలో వ్రాసికొన్నది.

1909లో ఆమె ఆ ఊరిలో ఒక ఇల్లు తన పేరనే కొనెను. రష్యనులు రాకపోకలు సలుపుటచే ఊరివారు దానికి ‘రష్యనుల యిల్లు’ అని పేరు పెట్టిరి. తోటలో కూరగాయలు పెంచుచు, బల్లలకును మెట్లకును పల్లెవాసులవలె రంగుల పూలు వ్రాసికొనుచు వారందు నివసించిరి. ఈ యింటిని జ్ఞాపకముంచుకొనుడు. కథ తిరిగి ఇచటికే రావలసి యున్నది.

ఆమె చిత్రములలో రెండింటిని చెప్పెదను. ‘వినుట’ అను 1909 నాటి చిత్రమున దీపము క్రింద భోజనపు బల్లయొద్ద యావ్లెన్‌స్కీ కూర్చుండియున్నాడు. కాండిన్‌స్కీ వివరించు కళాసిద్ధాంతములు వినుచు, అవి అంతుపట్టక, గుండ్రని కనులతో తెల్లబోయి చూచుచున్నాడు. ముఖమునకు ఒక గులాబి ముద్ద, కనులకు రెండు నీలి చుక్కలు. అంతే. అయినను ఆ మనుష్యుని మనము ఎరుగుదుమనిపించును. రెండవది 1910 నాటి ‘పడవ ప్రయాణము’. చెరువులో పడవపై కాండిన్‌స్కీ నిటారుగా నిలుచున్నాడు. వెరెఫ్కినును ఒక బాలుడును కూర్చున్నారు. మనకు వీపు త్రిప్పి తెడ్లు వేయుచున్నది చిత్రకారిణియే. నిలిచినవాడు అందరకు కనబడును. పడవను నడుపునది ఆమె.

గాజు వెనుక చిత్రము

ముర్నౌ ప్రాంతమున పల్లెవాసులు గాజుపలకల వెనుక సాధువుల బొమ్మలు వ్రాసి ఇండ్లలో తగిలించుకొనుట అలవాటు. దక్షిణ దేశపు పాత ఇండ్లలో గాజు వెనుక వ్రాసిన దేవతల పటములను చూచినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. మామూలు చిత్రమున మొదట వెనుకటి తలమును, చివర కంటిపాపయు నగలును వ్రాయుదురు. గాజుచిత్రమున క్రమము తలక్రిందులు. ముందుగా కంటిపాప, రేఖలు, నగలు వ్రాసి, తరువాత శరీరపు రంగు వేసి, కట్టకడపట వెనుకటి తలము పూయవలెను. గాజును త్రిప్పి చూచినపుడు కుడి ఎడమలు మారును. ఒకసారి తప్పు వ్రాసినచో పైన రంగు వేసి కప్పుటకు వీలు లేదు. కావున మొదటి రేఖకు ముందే చిత్రమంతయు మనస్సున సిద్ధమై యుండవలెను.

పండితులు ఈ బొమ్మలను సంతసరకుగా నెంచుచుండిరి. మ్యూంటర్ అట్లు తలపలేదు. ఆ ఊరిలో హైన్రిఖ్ రాంబోల్డ్ అను గాజుచిత్రకారు డింకను పనిచేయుచుండెను. ఆమె అతని యొద్దకు పోయి ఆ విద్య నేర్చెను. తన బృందములో దీనిని మొట్టమొదట అభ్యసించినది ఆమెయే. కాండిన్‌స్కీ ప్రభృతులు ఆమెను అనుసరించిరి. నల్లగీత, నిండు రంగు అను ఆమె శైలికి ఈ పల్లెకళ బలమిచ్చెను.

పిల్లల బొమ్మలు

తలిదండ్రులకు ముఖ్యమైన ఘట్టమిది. మ్యూంటర్, కాండిన్‌స్కీ పిల్లలు గీసిన బొమ్మలను సేకరింప మొదలిడిరి. పరిచితుల పిల్లలు రంగు పెన్సిళ్లతో గీసినవి రెండువందలకు పైబడి కూడినవి. వానిని ముద్దుమాటలవలె చూచి నవ్వి ఊరకుండలేదు. పెద్దవారి చిత్రములను పరిశీలించునట్లే పరిశీలించిరి. పిల్లవాడు ఇల్లు గీయునపుడు తాను చూచు ఒక్క ప్రక్కను గాక, తనకు తెలిసిన ఇంటిని గీయును. తలుపు, పొగగొట్టము, కిటికీలో అమ్మ, అన్నియు నుండవలెను. తనకు ముఖ్యమైనది పెద్దది, కానిది చిన్నది. ఇది తప్పు కాదు. ఇది ఒక చూపు. విద్యాలయములలో ఏండ్ల తరబడి నేర్చినవారు పోగొట్టుకొనినది ఇదియే యని ఆ కళాకారులు భావించిరి. 1914 ప్రాంతమున మ్యూంటర్ పిల్లలు గీసిన ఇండ్లను అనుసరించి స్వయముగా చిత్రములు వ్రాసెను. పేరుగన్న చిత్రకారిణి పసివారి యొద్ద పాఠము నేర్చుకొనెనని దీని యర్థము.

నీలిరౌతు

1909లో ఈ మిత్రులు మ్యూనిక్‌లో ఒక నూతన కళాకార సంఘమును స్థాపించిరి. 1911 డిసెంబరులో ప్రదర్శనకు కాండిన్‌స్కీ పంపిన పెద్ద చిత్రమును సంఘమువారు నిరాకరించిరి. అంతట అతడును, మ్యూంటరును, ఫ్రాన్జ్ మార్క్ అను యువచిత్రకారుడును సంఘమును విడిచి, రెండు వారములలోనే ‘నీలిరౌతు’ అను పేర వేరు ప్రదర్శన తెరచిరి. ఆధునిక కళాచరిత్రలో ఇది మరపురాని ఘట్టము. ఆ ప్రదర్శనలో మ్యూంటర్ చిత్రములు నుండినవి. ఆ గదుల గోడలపై ఏ చిత్రము ఎచట వ్రేలాడెనో నేడు మనకు తెలియుచున్నదన్నచో, ఆమె తన కెమెరాతో ఆ గదులను ఫోటోలు తీసి యుంచుటయే కారణము. 1912లో వెలువడిన ‘నీలిరౌతు’ సంచికలో గొప్ప చిత్రకారుల కృతుల సరసన పల్లెవాసుల గాజుబొమ్మలును, పిల్లల బొమ్మలును అచ్చయ్యెను. సంపాదకులుగా కాండిన్‌స్కీ, మార్క్ పేర్లే యున్నవి. ఆ వెనుక పనిచేసిన చేతులలో మ్యూంటర్ చేతులును గలవు. 1913లో బెర్లినులోని ‘స్టుర్మ్’ చిత్రశాల ఆమె చిత్రములు మాత్రమే చేర్చి ప్రదర్శన జరిపెను.

యుద్ధము, ఒంటరితనము

1914 ఆగస్టులో జర్మనీ రష్యాపై యుద్ధము ప్రకటించెను. కాండిన్‌స్కీ ఒక్క దినములో శత్రుదేశీయు డాయెను. ఇరువురును స్విట్జర్లాండు చేరిరి. అతడు అచటినుండి రష్యా పోయెను. యుద్ధము లేని స్వీడనులో కలిసికొందుమను ఆశతో ఆమె 1915లో స్టాక్‌హోము నగరమునకు తరలిపోయెను. అతడు ఒక్కసారి వచ్చి, 1916 మార్చిలో వెడలిపోయెను. మరి తిరిగి రాలేదు. 1917లో అతడు రష్యాలో వేరొకరిని పెండ్లాడెను. ఈ సంగతి ఆమెకు చాల ఆలస్యముగా తెలిసెను. ఆ తరువాత వారిరువురు జన్మలో ఒకరినొకరు చూడలేదు.

1920లో జర్మనీకి మరలిన మ్యూంటర్ కొన్నియేండ్లు కుంచె పట్టుట దాదాపు మానెను. కాండిన్‌స్కీ విడిచిపోయిన చిత్రములు ఆమె యొద్దనే యుండెను. అతడు తన వస్తువులను కోరెను. వాదోపవాదముల పిమ్మట 1926లో ఒడంబడిక కుదిరెను. కొన్నింటిని ఆమె పంపివేసెను. తక్కినవి న్యాయముగ ఆమెవాయెను. మాట తప్పినవాని చిత్రములు! కోపమున వానిని అమ్మివేసినను, చించివేసినను అడుగువారు లేరు. ఆమె ఆ పని చేయలేదు. మనుష్యునిపై గల బాధను ఆమె అతని పనిపై తీర్చుకొనలేదు.

నేలమాళిగ

1931లో ఆమె తన ముర్నౌ గృహమునకు తిరిగివచ్చి, కళాచరిత్రకారుడైన యోహానెస్ ఐక్నరుతో కలసి నివసించెను. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. నూతన చిత్రకళను నాజీలు ‘పతిత కళ’ యని నిందించిరి. 1937లో మ్యూనిక్‌లోనే వానిని వెక్కిరించుటకై ఒక ప్రదర్శన జరిపిరి. జర్మనీ చిత్రశాలలనుండి 16,000కు పైగా కృతులను లాగికొనిరి. కాండిన్‌స్కీ చిత్రములు నందులో నుండెను.

ఒక సత్యమును దాచరాదు. ఆ ప్రభుత్వపు తొలియేండ్లలో మ్యూంటర్ తన చిత్రములు ప్రదర్శించు హక్కును నిలుపుకొనుటకై కొంత లొంగి నడచెను. హిట్లరు వేయించిన రోడ్లను గూర్చిన 1936 నాటి ప్రదర్శనకు రోడ్డుపనుల చిత్రములను పంపెను. ఆమె వీరవనిత కాదు. భయము, బ్రతుకుతెరువు ఎరిగిన సామాన్య స్త్రీ. అందువలననే ఆమె తరువాత చేసిన పని మరింత విలువైనదని నా యభిప్రాయము.

తన యొద్దనున్న కాండిన్‌స్కీ చిత్రములను, మిత్రుల చిత్రములను, తన చిత్రములను ఆమె ఆ యింటి నేలమాళిగలో దాచెను. పొరుగువానికి తెలిసినను ప్రమాదమే. డబ్బునకు కటకట పడిన రోజులు గలవు. యుద్ధము వచ్చెను, ముగిసెను. కాండిన్‌స్కీ 1944లో ఫ్రాన్సులో మరణించెను. నేలమాళిగలోని చిత్రములు మాత్రము చెక్కుచెదరలేదు.

1957లో తన ఎనుబదవ జన్మదిన సందర్భమున మ్యూంటర్ ఆ నిధిని మ్యూనిక్ నగరమునకు దానము చేసెను. వేయికి పైబడిన కృతులు! అందు కాండిన్‌స్కీ తైలవర్ణ చిత్రములే 90. వానితో పాటు నీటిరంగుల చిత్రములు, రేఖాచిత్రములు, గాజుచిత్రములు, ఆమె స్వీయ చిత్రములు నుండెను. ఆ నగరపు లెన్‌బాఖ్ చిత్రశాల ఒక్కసారిగా ప్రపంచ ప్రసిద్ధి గాంచెను. 1962 మే 19వ తేదీన ఆమె ముర్నౌ గృహమున కన్నుమూసెను. నేడు ఆ యిల్లు సందర్శకులకు తెరువబడి యున్నది.

ఆమె కాపాడినదానిని లోకము వెంటనే మెచ్చెను గాని, ఆమె వ్రాసినదానిని మెచ్చుటకు చాల కాలము పట్టెను. 2024లో మాడ్రిడ్ నగరమునను, 2025లో పారిసు, న్యూయార్కు నగరములలోను ఆమె చిత్రములతో పెద్ద ప్రదర్శనలు జరిగినవి. పడవ నడిపినది ఎవరో జనులు ఇప్పుడు చూచుచున్నారు.

మనకు పాఠము

“మాస్టారూ, ఆడపిల్లకు డ్రాయింగు క్లాసెందుకండీ? ఆ గంటలో నాలుగు లెక్కలు చేయించకూడదా?” అని తలిదండ్రులు నన్ను అడుగుట కద్దు. లెక్కలు వలదని నేననను. బొమ్మలు గీసిన పిల్లలందరును చిత్రకారు లగుదురనియు చెప్పను. కాని చూచుట యనునది కూడ నేర్చుకొనవలసిన విద్యయే. ఆకును గీసిన పిల్ల దాని ఈనెలను లెక్కపెట్టును. ఆ చూపు తరువాత శాస్త్రమునకును, లెక్కకును, భాషకును ఉపకరించును. ఒకనాడు మ్యూనిక్ నగరమున అకాడమీవారు మూసిన తలుపును మన యిండ్లలో మనమే మన ఆడపిల్లలకు మూయరాదు.

రెండవ మాట. పిల్లవాని బొమ్మను మీ చేతితో దిద్దకుడు. “చెట్టు ఇట్లుండునా?” అని అడుగక, “దీని కథ చెప్పు నాయనా” అని యడుగుడు. వాడు చెప్పిన మాటను కాగితము వెనుక తెలుగులో వ్రాసి, తేదీయు వయస్సును వేయుడు. ఒక అట్టపెట్టెలో దాచుడు. ఖర్చు లేని పని ఇది.

మూడవ మాట మనవంటివారికి ప్రత్యేకముగా చెందినది. పరభాషా ప్రాంతమున తరతరములుగా నివసించు కుటుంబములలో అమ్మమ్మ పాట, నాయనమ్మ ముగ్గు, తాతగారు వ్రాసిన తెలుగు ఉత్తరము సంతసరకువలె కనబడవచ్చును. దేనికి విలువ యున్నదో పిల్లవాడు పాఠ్యపుస్తకమువలన కంటె తలిదండ్రుల చేతలవలననే ముందుగా గ్రహించును. మనము పాతకాగితముల వానికి తూచి అమ్మినదానిని వాడు అమూల్యమని ఎన్నడును నమ్మడు. లోకము మెచ్చుటకు ముందే మ్యూంటర్ విలువను గుర్తించెను. ఎవరును అడుగకున్నను, ఎవరును మెచ్చకున్నను ఏండ్ల తరబడి దానిని కాపాడెను. ఆ పనికి నేలమాళిగ యంతటిది అక్కరలేదు. ఇంట ఒక పెట్టె చాలును.